'ఇన్ ది వే'నా, 'ఆన్ ది వే'నా? ఇడియమ్‌లో ప్రిపొజిషన్ చేసే పని

ప్రశ్న: తెలుగు మీడియంలో చదువుకున్నాను. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తూ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి ప్రిపేర్ అవుతున్నాను. గ్రామర్ పర్వాలేదు గానీ ఇడియమ్స్ దగ్గర దెబ్బ తింటున్నాను. 'ఇన్ టైమ్', 'ఆన్ టైమ్'. 'ఇన్ ది ఎండ్', 'ఎట్ ది ఎండ్'. 'ఇన్ హ్యాండ్', 'ఎట్ హ్యాండ్', 'ఆన్ హ్యాండ్'... లిస్టులు బట్టీ పట్టినా పరీక్ష హాల్లో తారుమారైపోతున్నాయి. మొన్న ఆఫీసు మెయిల్లో పార్సిల్ దారిలో ఉందని చెప్పబోయి 'ది పార్సిల్ ఈజ్ ఇన్ ది వే' అని రాస్తే అందరూ నవ్వారు. వీటికి ఏమైనా లాజిక్ ఉందా, గుడ్డిగా గుర్తుపెట్టుకోవాల్సిందేనా?

సమాధానం: చాలావాటికి లాజిక్ ఉంది. కొన్నిటికి లేదు, వాటిని బట్టీ పట్టక తప్పదు. ఏవి ఏ కోవకి వస్తాయో తెలిస్తే బట్టీ పట్టాల్సిన బరువు బాగా తగ్గుతుంది.

లిస్టులు ఎందుకు తారుమారవుతున్నాయో ముందు చూద్దాం. ఆ లిస్టుల్లో 'ఇన్ టైమ్' పక్కన 'సమయానికి' అని, 'ఆన్ టైమ్' పక్కన 'సరిగ్గా సమయానికి' అని ఉంటుంది. ఆ 'సరిగ్గా' దేని పక్కన ఉందో గంటలో వంద ప్రశ్నలు చేయాల్సిన చోట ఎవరికి గుర్తుంటుంది? మీ పార్సిల్ వాక్యానికి మాత్రం కారణం వేరు. 'దారిలో ఉంది' అని తెలుగులో అనుకుని, 'లో'కి 'ఇన్' వేశారు. తెలుగు 'లో' చాలా విశాలమైనది. ఇంగ్లిష్‌లో 'ఇన్', 'ఆన్', 'ఎట్' మూడూ పంచుకునే పనిని అదొక్కటే చేసుకుపోతుంది. ఫోన్‌లో ఉన్నాడు, సెలవులో ఉన్నాడు, డ్యూటీలో ఉన్నాడు, టీవీలో వస్తోంది, బస్సులో ఉన్నాను: ఈ ఐదింటికీ ఇంగ్లిష్‌లో 'ఆన్' పడుతుంది. కారుకీ ఆటోకీ మాత్రం 'ఇన్'. లోపల లేచి నిలబడి నాలుగడుగులు వేయగలిగితే 'ఆన్', ఒదిగి కూర్చోవడమే తప్ప వేరే వీలు లేకపోతే 'ఇన్' అని పెట్టుకుంటే వాహనాల దగ్గర దాదాపు తప్పు పోదు.

'మీద' కూడా ఇలాగే బోల్తా కొట్టిస్తుంది. నా మీద కోపం అనుకుని 'యాంగ్రీ ఆన్ మి' అని రాస్తారు, అది 'యాంగ్రీ విత్ మి'. నా మీద నవ్వారు అంటే 'లాఫ్డ్ ఎట్ మి'. 'తో'ది ఇంకో తంటా. ఫలానావారితో పెళ్ళైంది అంటే 'మ్యారీడ్ విత్' కాదు, 'మ్యారీడ్ టు'. కాబట్టి మొదటి జాగ్రత్త: ఇడియమ్ రాసేటప్పుడు తెలుగు విభక్తిని పట్టుకుని ఇంగ్లిష్‌కి వెళ్ళకండి.

అలాగని ఈ పద్ధతే మనకి కొత్త అనుకోవద్దు. పద్యం నోటికి వచ్చు అంటే కంఠస్థం అయిందని. పద్యం నోట్లో ఆడుతోంది అంటే గుర్తొచ్చీ రాకుండా ఉందని. నోరు అదే, పద్యం అదే, 'కి' పోయి 'లో' వచ్చేసరికి అర్థం తలకిందులైంది. ఈ తేడా మీకు ఎవరూ లిస్టు రాసి నేర్పలేదు. వాక్యాలు వినగా వినగా పట్టుబడింది. ఇంగ్లిష్ ఇడియమ్‌నీ వాక్యంగానే పట్టుకోవాలి.

ఇక మీ 'వే' సంగతి. 'ఇన్' అంటే ఒక ఆవరణ లోపల. దారి లోపల ఒక వస్తువు కూర్చుంటే మిగతావాళ్ళు వెళ్ళేదెలా? అందుకే 'ఇన్ ది వే' అంటే అడ్డంగా ఉండటం. మీ మెయిల్ చదివినవాళ్ళకి పార్సిల్ గుమ్మంలో అడ్డంగా పడి ఉన్నట్టు అర్థమైంది. 'ఆన్' అంటే ఒక గీతని అంటిపెట్టుకుని ఉండటం. ప్రయాణపు గీత మీద సాగుతున్నది 'ఆన్ ది వే'. పార్సిల్ వస్తోంది, మనిషి వస్తున్నాడు, వాన వచ్చేలా ఉంది, ఇంట్లో బిడ్డ పుట్టబోతోంది, అన్నిటికీ ఇదే. 'బై' అంటే పక్కన. దారి పక్కకి ఒక అడుగు వేసి చెప్పే మాట 'బై ది వే', మనం 'అన్నట్టు' అంటామే, అది. అసలు విషయాన్ని 'బై ది వే'తో మొదలుపెట్టి మెయిల్ రాయకూడదు. అదేదో పనిలో పనిగా గుర్తొచ్చినట్టు ఉంటుంది.

'అవుట్ ఆఫ్ ది వే'కి రెండు అర్థాలున్నాయి. అడ్డు తొలగిపోయింది, అంటే పని తెమిలిపోయింది అని ఒకటి. ఊరికి, రోడ్డుకి దూరంగా మూలన ఉంది అని రెండోది. వాక్యంలో పని ఉంటే మొదటిది, స్థలం ఉంటే రెండోది. 'ది' బదులు 'మై', 'హిజ్', 'హర్' వచ్చి ముందు 'గో' చేరితే మూడో అర్థం. 'షీ వెంట్ అవుట్ ఆఫ్ హర్ వే టు హెల్ప్ మి' అంటే తన దారి వదిలి, శ్రమ పడి మరీ సాయం చేసింది అని. 'అండర్ వే' అంటే పని మొదలై సాగుతోంది. ఇక్కడ 'ది' ఉండదు, పెడితే తప్పు. 'ఇన్ ఎ వే' అంటే ఒక రకంగా చూస్తే. గమనించండి, 'ఇన్ ది వే'కీ 'ఇన్ ఎ వే'కీ ప్రిపొజిషన్ ఒకటే, ఆర్టికల్ మారింది, చుట్టరికమే లేకుండా పోయింది. ఇదే ఇంట్లో ఇంకొకటి: 'ఇన్ ది ఫ్యామిలీ వే' అంటే కాస్త పాతకాలపు మాటలో గర్భవతి అని. ఉద్యోగుల్ని సొంతవాళ్ళలా చూసుకుంటాం అని చెప్పబోయి ఈ మాట వాడితే, ఇన్ ది వే పార్సిల్‌కి వచ్చిన నవ్వు కంటే పెద్ద నవ్వే వస్తుంది.

టైమ్ దగ్గరికి వద్దాం. రైలు 6:15కి బయల్దేరాలి, 6:15కే కదిలింది. అది 'ఆన్ టైమ్'. ఇక్కడ టైమ్ అంటే గడియారంలో ఒక బిందువు, దాని మీద సరిగ్గా పడ్డాం. ఆ రైలు ఎక్కాల్సినవాళ్ళు 6:05కి ప్లాట్‌ఫాం మీదికి చేరారు. అది 'ఇన్ టైమ్'. ఇక్కడ టైమ్ అంటే ఒక గడువు, అది మూసుకునే లోపల చేరాం. రెండింటినీ కలిపి ఒకే వాక్యంలో పెట్టుకోండి: 'ది ట్రైన్ లెఫ్ట్ ఆన్ టైమ్, బట్ వి వర్ నాట్ ఇన్ టైమ్ టు క్యాచ్ ఇట్.' పరీక్షలో ఖాళీ తర్వాత 'టు' ప్లస్ వెర్బ్ గానీ, 'ఫర్' ప్లస్ నౌన్ గానీ కనబడితే చాలావరకు 'ఇన్ టైమ్'. టైమ్‌టేబుల్, షెడ్యూల్, డ్యూ డేట్ వాసన వస్తే 'ఆన్ టైమ్'. ఏ గడువూ లేకుండా 'ఇన్ టైమ్' ఒంటరిగా వచ్చి, వెర్బ్ భవిష్యత్తులో ఉంటే 'పోనుపోను' అనే అర్థం కూడా ఉంది: 'యు విల్ లెర్న్ ఇన్ టైమ్.' ఎగ్జామినర్లకి ఇష్టమైన మరో జత 'బిహైండ్ టైమ్', 'బిహైండ్ ది టైమ్స్'. మొదటిది ఆలస్యం. రెండోది కాలం చెల్లిన ఆలోచన.

'ఎండ్' మనకి సుళువు, ఎందుకంటే ఈ ఒక్కచోట తెలుగు అచ్చంగా దారి చూపిస్తుంది. చివర, చివర్లో అంటే 'ఎట్ ది ఎండ్'. చివరికి అంటే 'ఇన్ ది ఎండ్'. వీధి చివర ఇల్లు, సినిమా చివర్లో పాట, నెలాఖర్లో జీతం: వీటికి 'ఎట్', సాధారణంగా వెనకే 'ఆఫ్' అంటూ దేని చివరో చెప్తారు. నానా తంటాలు పడి చివరికి ఒప్పుకున్నాడు అంటే 'ఇన్ ది ఎండ్', దీని వెనక 'ఆఫ్' రాదు. ఖాళీ తర్వాత 'ఆఫ్' ఉందా లేదా చూస్తే చాలు, సగం ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి. 'బై ది ఎండ్ ఆఫ్ మార్చ్' అంటే మార్చి ముగిసేలోగా. 'ఫర్ అవర్స్ ఆన్ ఎండ్' అంటే గంటల తరబడి ఏకబిగిన. ఈ చివరిదానికి లాజిక్ వెతక్కండి, బట్టీయే.

అన్నిటికంటే చిక్కు 'హ్యాండ్'. ఇక్కడ ప్రిపొజిషన్‌తో పాటు, దేని గురించి మాట్లాడుతున్నామో చూడాలి. 'ఇన్ హ్యాండ్' ఎక్కువగా పనికి వాడతారు: చేపట్టిన పని, అదుపులో ఉన్న పరిస్థితి. 'ది మ్యాటర్ ఇన్ హ్యాండ్' అంటే ప్రస్తుతం చూస్తున్న విషయం. దీనికే 'ఇంకా మిగిలి ఉంది' అనే అర్థం కూడా ఉంది. క్రికెట్ చూసేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు: 'ఫైవ్ వికెట్స్ ఇన్ హ్యాండ్' అంటే చేతిలో ఇంకా ఐదు వికెట్లున్నాయి. 'ఎట్ హ్యాండ్' అంటే దగ్గర్లో. దూరానికీ వాడొచ్చు, కాలానికీ వాడొచ్చు: సాయం దగ్గర్లోనే ఉంది, పరీక్షలు దగ్గరపడ్డాయి. 'ఆన్ హ్యాండ్' అంటే అవసరమైతే వాడుకోవడానికి సిద్ధంగా ఉండటం. గోడౌన్‌లో సరుకు, సభ దగ్గర డాక్టర్లు. దీన్ని కాలానికి వాడరు. 'ఎగ్జామ్స్ ఆర్ ఆన్ హ్యాండ్' అంటే తప్పు. అంటే గుర్తు పట్టడానికి: పనైతే 'ఇన్', రాబోయే సంఘటనైతే 'ఎట్', సరుకో మనుషులో అయితే 'ఆన్'. సాయం లాంటివాటికి 'ఎట్', 'ఆన్' రెండూ నడుస్తాయి, అక్కడ పట్టుబట్టాల్సిన పనిలేదు.

బహువచనం వస్తే మళ్ళీ కథ మారుతుంది. 'ఆన్ మై హ్యాండ్స్' అంటే నా నెత్తిన పడ్డది, వద్దన్నా నా దగ్గరున్నది. అది సమస్య కావచ్చు, తోచని ఖాళీ సమయం కావచ్చు. అది వదిలిపోతే 'ఆఫ్ మై హ్యాండ్స్'. 'ఇన్ యువర్ హ్యాండ్స్' అంటే ఇక నిర్ణయం మీది. 'ఎట్ ది హ్యాండ్స్ ఆఫ్' అంటే ఫలానావారి చేతిలో ఓడిపోవడం, బాధపడటం. చెడుకే వాడతారు. గెలుపునో సన్మానాన్నో 'ఎట్ ది హ్యాండ్స్ ఆఫ్' అని రాయడం మన ఇంగ్లిష్ కరపత్రాల్లో కనిపిస్తుంది. చేతుల మీదుగా అన్నదానికి అది అనువాదం, కానీ చదివేవాళ్ళకి ఏదో దెబ్బ తగిలినట్టు ఉంటుంది. అక్కడ 'బై' చాలు.

'అవుట్ ఆఫ్ హ్యాండ్' జంట అర్థాలది. 'గెట్'తో వస్తే అదుపు తప్పడం. 'రిజెక్ట్', 'డిస్మిస్' లాంటి వెర్బ్‌లతో వస్తే ఆలోచించనైనా ఆలోచించకుండా తోసిపుచ్చడం. ముందున్న వెర్బ్ చూడకుండా జవాబు పెట్టొద్దు. ఇంకో మాట, మనం రోజూ అనే 'ఇన్ హ్యాండ్ శాలరీ' భారతదేశపు వాడుక. అమెరికాలోనో బ్రిటన్‌లోనో హెచ్‌ఆర్‌తో మాట్లాడితే 'టేక్ హోమ్ పే' అనండి.

'ఎట్', 'టు' జత తెలిస్తే ఒకేసారి చాలా ఇడియమ్‌లు వశమవుతాయి. 'టు' అంటే అవతలివాళ్ళకి అందాలని. 'ఎట్' అంటే అవతలివాళ్ళు గురి. బంతిని 'త్రో టు' చేస్తే పట్టుకోమని, 'త్రో ఎట్' చేస్తే తగలాలని. 'షౌట్ టు' అంటే దూరంగా ఉన్నవాళ్ళకి వినబడేలా అరవడం, 'షౌట్ ఎట్' అంటే మీద విరుచుకుపడటం. 'టాక్ టు' సంభాషణ. 'టాక్ ఎట్' అయితే అవతలివాళ్ళ మాట వినకుండా దంచేయడం. 'లాఫ్ ఎట్', 'స్టేర్ ఎట్', 'స్నీర్ ఎట్' అన్నిటిలోనూ ఆ గురి కనబడుతుంది. మేనేజర్ గురించి రాస్తూ 'హీ షౌటెడ్ ఎట్ మి ఫ్రమ్ ది గేట్' అంటే ఫిర్యాదు అవుతుంది, 'షౌటెడ్ టు మి' అంటే ఆయన పిలిచాడంతే.

కొన్నిచోట్ల మాట మారదు, దాని స్థానం మారుతుంది. దీని మీద ఎవరూ పెద్దగా చెప్పరు గానీ మార్కులు ఇక్కడే పోతాయి. 'ఐ సా త్రూ ఇట్' అంటే దాని గుట్టు కనిపెట్టాను, మోసపోలేదు అని. 'ఐ సా ఇట్ త్రూ' అంటే ఎన్ని ఇబ్బందులొచ్చినా చివరిదాకా నిలబడి పూర్తిచేశాను అని. మొదటిదాంట్లో 'త్రూ' ప్రిపొజిషన్, దాని వెనక ఆబ్జెక్ట్ ఉండి తీరాలి. రెండోదాంట్లో అది వెర్బ్‌కి అతుక్కున్న అడ్వర్బ్, అందుకే 'ఇట్' మధ్యలో దూరింది. ఏది ఏదో తెలుసుకోవడానికి నౌన్ తీసేసి 'ఇట్' గానీ 'హిమ్' గానీ పెట్టి చూడండి. మీటింగ్ రద్దు చేయడం, 'కాల్ ఆఫ్ ది మీటింగ్' కాస్తా 'కాల్ ఇట్ ఆఫ్' అవుతుంది. కలెక్టర్‌ని వెళ్ళి కలవడం, 'కాల్ ఆన్ ది కలెక్టర్' మాత్రం 'కాల్ ఆన్ హిమ్'గానే ఉంటుంది, 'కాల్ హిమ్ ఆన్' అంటే కుదరదు. వాక్యంలో తప్పు పట్టుకోమనే స్పాటింగ్ ఎర్రర్స్‌లో 'కాల్ ఆఫ్ ఇట్' అని ఇచ్చి మిమ్మల్ని దాటించేస్తారు, చూసుకోండి.

ఆర్టికల్ దెబ్బ ఇంకా దారుణం. నర్సు వార్డుకి బాధ్యురాలైతే ఆమె 'ఇన్ చార్జ్ ఆఫ్ ది వార్డ్'. రోగి ఆమె సంరక్షణలో ఉంటే అతను 'ఇన్ ది చార్జ్ ఆఫ్ ది నర్స్'. ఒక్క 'ది' చేరగానే చూసుకునేవాళ్ళు, చూడబడేవాళ్ళు తారుమారయ్యారు. 'అవుట్ ఆఫ్ ది క్వశ్చన్' అంటే అసాధ్యం, ఆ మాటే వద్దు. 'ది' లేని 'అవుట్ ఆఫ్ క్వశ్చన్'ని 'నిస్సందేహంగా' అనే అర్థంతో గైడ్లలో ఇస్తారు, కానీ ఇవాళ్టి ఇంగ్లిష్‌లో దాన్ని వాడేవాళ్ళు లేరనే చెప్పాలి. పరీక్ష కోసం తెలిసుంటే చాలు, మెయిల్లో వాడొద్దు. 'ఇన్ ఫ్యూచర్' అంటే బ్రిటిష్ వాడుకలో ఇకమీదట అని. 'ఇన్ ది ఫ్యూచర్' అంటే భవిష్యత్తులో ఎప్పుడో. అమెరికన్లు రెండింటికీ 'ఇన్ ది ఫ్యూచర్' అనే అంటారు. అలాగే రోగిగా ఆసుపత్రిలో ఉంటే బ్రిటన్‌లో 'ఇన్ హాస్పిటల్', అమెరికాలో 'ఇన్ ది హాస్పిటల్'. వీకెండ్‌కి బ్రిటన్‌లో 'ఎట్', అమెరికాలో 'ఆన్'. ఒక డాక్యుమెంట్‌లో ఒక దేశపు పద్ధతే పాటించండి, కలగలపొద్దు.

ఇప్పుడు చదివే తీరు. ఇడియమ్ ఒకవైపు, తెలుగు అర్థం ఒకవైపు ఉన్న నోట్స్ పక్కన పెట్టేయండి. అయోమయపెట్టే జతని తీసుకుని, రెండూ ఒకే వాక్యంలో వచ్చేలా సొంతంగా రాయండి, పైన రైలు వాక్యంలా. వాక్యం మీ ఆఫీసు గురించో మీ ఊరి గురించో అయితే త్వరగా నిలుస్తుంది. మర్నాడు ప్రిపొజిషన్ మీద వేలు పెట్టి మూసి చదవండి. వారం తర్వాత మళ్ళీ. తప్పు పోయిన జతే మళ్ళీ రాయండి, వచ్చినవి వదిలేయండి. రోజుకి రెండు జతలు మించొద్దు. 'హ్యాండ్' కుటుంబం మొత్తాన్ని ఒకే రాత్రి మింగితే తెల్లారేసరికి అన్నీ కలిసిపోతాయి. 'ఇన్', 'ఎట్' ఒకరోజు, 'ఆన్' మర్నాడు, బహువచనాలు ఆ తర్వాతి వారం.

డిక్షనరీ, ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ళ కోసం తయారుచేసే లెర్నర్స్ డిక్షనరీయే అయి ఉండాలి. ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు ఈ పనికి చాలదు. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ లాంటివాటిలో ఇడియమ్స్‌కి, 'కాల్ ఆఫ్' లాంటి ఫ్రేజల్ వెర్బ్స్‌కి విడివిడి విభాగాలుంటాయి. ఇడియమ్‌ని ప్రిపొజిషన్ కింద కాదు, అందులోని ముఖ్యమైన నౌన్ కిందో వెర్బ్ కిందో వెతకాలి: 'ఎట్ హ్యాండ్' కావాలంటే 'హ్యాండ్' తీయండి. ఫ్రేజల్ వెర్బ్ దగ్గర 'సమ్‌థింగ్' అన్న మాట గానీ, దానికి పెట్టే పొట్టి గుర్తు (sth) గానీ ఎక్కడుందో చూడండి. వెర్బ్‌కీ అడ్వర్బ్‌కీ మధ్యలో ఉంటే 'ఇట్' మధ్యలోకి వెళ్తుంది, చివర ఉంటే చివరికే.

పరీక్షలో ఒక లెక్క. మొదటి దశ అయిన టియర్-1లో ఇంగ్లిష్‌వి 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పు జవాబుకి అర మార్కు కోత. నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టేయగలిగితే మిగతా రెండిట్లో ఒకటి పెట్టేయడం లాభమే. ఒక్కటీ కొట్టేయలేకపోతే అక్కడ నిమిషం తగలేయకుండా ముందుకి వెళ్ళండి.

ఈ నాలుగూ చేసి చూడండి. 'హీ ఈజ్ డ్యాష్ లీవ్ టుడే.' 'ది వర్క్ ఈజ్ డ్యాష్ వే.' 'డ్యాష్ ది ఎండ్ ఆఫ్ ది లెటర్, సైన్ యువర్ నేమ్.' 'షీ త్రోస్ ది కీస్ డ్యాష్ మి.' మొదటి మూడిటికీ వరసగా 'ఆన్', 'అండర్', 'ఎట్'. నాలుగోదానికి 'టు', 'ఎట్' రెండూ సరైనవే. పరీక్షలో ఇలాంటిది వస్తే తర్వాతి వాక్యం చదవండి: పట్టుకున్నానని ఉంటే 'టు', తల పక్కకి తిప్పానని ఉంటే 'ఎట్'.